సాక్ష్యం లేని బ్రేకు

ఆ ఆదివారం ఉదయం ముల్లుగారు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఇంట్లోవాళ్ళు లేచేలోపు వీధి చివరి దుకాణానికి వెళ్ళి పేపరూ, పాల ప్యాకెట్టూ తెచ్చుకోవాలి, అంతే. బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. నడిస్తే కాళ్ళు కొంకర్లు పోతాయనిపించి, షెడ్డులో ఉన్న కూతురి సైకిల్ తీశారు. అది మామూలు సైకిల్ కాదు. కొండదారుల్లో రాళ్ళ మీద, చెట్ల వేళ్ళ మీద దూకించే లావు టైర్ల సైకిల్. చక్రం మధ్యలో పళ్ళెంలా మెరిసే డిస్కు, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కిపట్టే బ్రేకు, ఆ బ్రేకుకు వైరు బదులు సన్నటి గొట్టంలో ఆయిలు. కొన్నప్పుడు అమ్మాయి ఇవన్నీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయనకు అర్థమైందల్లా నొక్కితే ఆగుతుందని.

నొక్కితే ఆగలేదు. వీధి వాలుగా ఉంటుంది. మలుపు దగ్గర నొక్కిన లివరు, వెన్నలోకి వేలు దిగినంత మెత్తగా హ్యాండిల్‌దాకా వచ్చేసింది. సైకిల్ ఎదురింటివాళ్ళ గులాబీ మొక్కల మధ్యనుంచి దూసుకెళ్ళి, చెత్తడబ్బాను పడగొట్టి, దాని పక్కనే తానూ పడుకుంది. ఎదురింటాయన కిటికీ తెరిచి, "పొద్దున్నే ఏంటండీ ఇది?" అన్నాడు. ఆ గొంతులో బెంగంతా గులాబీల మీదే.

ముల్లుగారంటే తూనికలు, కొలతల తనిఖీ అధికారి. ఆయన పేరు చెబితే ఊళ్ళోని కాటాలన్నింటికీ హడల్. త్రాసు మధ్యన ముల్లులా ఎటూ ఒరగకుండా నిటారుగా నిలబడతారని దుకాణదారులు పెట్టిన పేరు అది. ఇంట్లోవాళ్ళు కూడా వెనకాల అలాగే అంటారు. ఆయన ఉద్యోగధర్మం చాలా సూటిగా ఉంటుంది. చెప్పకుండా వెళ్ళాలి, ఇద్దరు సాక్షుల ముందు తప్పు రుజువు చేయాలి. రుజువు కానంతవరకు ఏ కాటా మీదా ఆయన చెయ్యి వేయలేదు. రుజువయ్యాక దేన్నీ వదల్లేదు.

మోచేతికి మందు రాసుకుంటూ ఆయన ఇంట్లో పంచాయితీ పెట్టారు. పెట్టడానికి కారణం గులాబీ ముళ్ళు కాదు. వచ్చే ఆదివారం కొండ మీద నుంచి సైకిళ్ళు దిగే పోటీ ఉంది. అందులో పాల్గొనే జట్టుకు అమ్మాయి ఎంపికైంది, అదీ అందరికంటే ముందు వచ్చి. ఆ పోటీ తెల్లవారగానే, మంచు గడ్డకట్టి ఉండగానే మొదలవుతుంది. కొండకు ఒక పక్కన లోయ. బ్రేకు పట్టని సైకిల్ మీద కూతురు ఆ లోయ పక్కనుంచి దిగుతున్నట్టు ఆయన కళ్ళకు కట్టింది. గుండె జారిపోయింది. గుండె జారినప్పుడు ఆయనకు వచ్చేది కోపం.

"ఆ సైకిల్ చలికి పట్టడం లేదు. పోటీకి వెళ్ళడానికి వీల్లేదు."

"బ్రేకులు బాగానే ఉన్నాయి నాన్నా," అంది అమ్మాయి, రొట్టె మీద జామ్ రాసుకుంటూ, తల ఎత్తకుండా. "నువ్వే సరిగ్గా నొక్కి ఉండవు."

"నాకు నొక్కడం రాదా!"

"అది కాదండీ," అంది ఆయన భార్య. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది. "వెళ్ళి మెకానిక్‌కి చూపించండి. తేలిపోతుంది. అరవడం దేనికి?"

సోమవారం మెకానిక్ దగ్గర ఏమీ తేలలేదు. దుకాణం నిండా వెచ్చదనం. మూలన హీటరు బుసబుసలాడుతోంది. మెకానిక్ సైకిల్‌ను స్టాండుకెక్కించి, టీ తాగడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, అప్పుడు లివరు నొక్కాడు. లివరు రాయిలా నిలబడింది.

"బంగారంలా ఉంది సార్."

"బంగారమా? నిన్న నన్ను ముళ్ళపొదలో పడేసింది!"

"చలికి ఒక్కోసారి లోపల ఆయిల్ చిక్కబడుతుంది సార్. రబ్బరు రింగులు బిగుసుకుంటాయి. గాలిబుడగ ఏదైనా చేరిందంటే లివరు మెత్తబడుతుంది. మీ తృప్తి కోసం ఆయిల్ మార్చి, గాలి తీసేస్తాను. టీ తాగేలోపు అయిపోతుంది."

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? సరే కానివ్వమంటారు. కానీ ముల్లుగారి చెవిలో ఒక్క మాటే గింగురుమంది.

"నా తృప్తి కోసమా? అంటే లోపం లేదు, నాకు భ్రమ, నన్ను ఊరుకోబెట్టడానికి ఆయిల్ మారుస్తావు. అంతేగా?"

"అయ్యో, అలా కాదు సార్..."

"తప్పు రుజువు కాకుండా మరమ్మతు చేస్తే, తప్పు లేదని ఒప్పుకున్నట్టే. ముందు నువ్వు నీ కళ్ళతో చూడు. ఆ తర్వాతే స్పానరు ముట్టుకో. అప్పటిదాకా ఈ బండి మీద చెయ్యి పడటానికి వీల్లేదు!"

సైకిల్‌ను దింపించి నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చేశారు. వెచ్చటి దుకాణంలోంచి బయటపడిన బ్రేకు దారంతా బుద్ధిగా పట్టింది. అది ఆయన కోపాన్ని ఇంకా పెంచింది. ఇలాంటి నటన ఆయనకు కొత్తేమీ కాదు. మోసపు కాటాలు కూడా ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఇలాగే నిజాయితీగా మారిపోతాయి.

"మా క్లినిక్‌లో కూడా అంతేనండీ," అంది భార్య ఆ సాయంత్రం. "రాత్రంతా నొప్పితో గోలపెట్టినవాళ్ళకి, కుర్చీలో కూర్చోగానే ఏ పన్నో కూడా గుర్తుండదు."

"నాది పన్ను కాదే, బ్రేకు!"

"నేనూ బ్రేకు గురించే చెబుతున్నాను," అందావిడ, నవ్వు ఆపుకుంటూ.

ఇక ముల్లుగారు తన పద్ధతికి దిగారు. మంగళవారం తెల్లవారుతూండగా, ఎవరికీ చెప్పకుండా షెడ్డు తలుపు ఒక్కసారిగా తెరిచారు. లివరు నొక్కారు. మెత్తగా దిగిపోయింది! దొరికావురా అనుకుంటూ లోపలికి పరుగెత్తి, "లే, లే! సాక్ష్యానికి రా!" అని భార్యను కుదిపారు. ఆవిడ దుప్పటి కప్పుకుని, చెప్పుల కోసం వెతికి, ఒక చెప్పు దొరక్క, చివరికి ఆయన బూట్లు వేసుకుని షెడ్డుకు వచ్చేసరికి అమ్మాయి అక్కడే ఉంది. సైకిల్ పక్కన, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఆవులిస్తూ.

"ఏమైంది నాన్నా, ఈ గోలేంటి?"

"పక్కకి జరుగు. ఏమే, నువ్వు నొక్కు."

ఆవిడ నొక్కింది. "గట్టిగానే ఉందిగా!"

ఆయన నొక్కారు. గట్టిగానే ఉంది. ఆయన ముఖం వేలాడేశారు. బూట్లు ఈడ్చుకుంటూ లోపలికి వెళుతూ భార్య, "మీకు నిద్ర తక్కువైంది," అంది జాలిగా. ఆవిడ కోప్పడినా పడేవారు కానీ, ఆ జాలిని మాత్రం ఆయన భరించలేకపోయారు. ఊరంతా తన మాట మీద కాటాలు సరిచేసుకుంటుంది. తన ఇంట్లో తన మాటకు తూకం లేదు. అది ఆయనకు నిజంగానే గుచ్చుకుంది.

చలి మెకానిక్ దుకాణందాకా బతకడం లేదు, కాబట్టి చలిని తానే మోసుకెళ్ళాలి. గురువారం ఫ్రీజరులో ఉన్న బఠానీ ప్యాకెట్లన్నీ తీసి, బ్రేకు లివరుకూ, చక్రం దగ్గరున్న బ్రేకుకూ కట్టారు. చివరి ప్యాకెట్ కట్టడానికి తాడు చాలక తన మఫ్లరు విప్పి కట్టారు. దారిలో జనం ఆగి చూశారు. జ్వరమొచ్చిన మనిషి నుదుటి మీద తడిగుడ్డ వేసినంత శ్రద్ధగా ముల్లుగారు సైకిల్‌ను నడిపించుకుంటూ వెళుతున్నారు. వీధి మలుపులో ఎదురింటాయన కనిపించి, "ఏం, దానికీ దెబ్బ తగిలిందా?" అన్నాడు. ముల్లుగారు పళ్ళు నూరారు.

దుకాణంలో తన ముందు ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన చిన్నపిల్లల సైకిల్‌కు గంట ఏ రంగుదైతే బాగుంటుందో తేల్చుకోలేకపోతున్నాడు. "ఎరుపు తీసుకోండి!" అని ముల్లుగారు కసిరారు. ఆయన నీలం వైపు మొగ్గాడు. హీటరు బుసకొడుతూనే ఉంది. ముల్లుగారి వంతు వచ్చేసరికి బఠానీలు మెత్తబడి, దుకాణం నేలంతా నీళ్ళు. లివరు మళ్ళీ రాయి.

మెకానిక్ ఆ నీళ్ళనూ, మఫ్లరునూ, ముల్లుగారినీ వరసగా చూశాడు.

"సార్, ఒక్క మాట చెప్పనా? మీరు సెలవు పెట్టి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి."

"నేను కాదు, నువ్వు రావాలి నాతో! అసలైన చలి ఎక్కడుంటుందో అక్కడికి. నువ్వు చూసి, లోపం లేదని చెబితే, ఈ జన్మలో నీ దుకాణం గుమ్మం తొక్కను."

మెకానిక్ ఆ చివరి మాట మీద ఆశపెట్టుకుని ఒప్పుకున్నాడని మనం అర్థం చేసుకోవాలి.

అసలైన చలి ముల్లుగారి బావమరిది దగ్గరుంది. ఆయన ఒక ఐస్‌క్రీం గోడౌనుకు మేనేజరు. మనిషి మెతక. అక్క మొగుడంటే చిన్నప్పటి నుంచీ భయమూ, గౌరవమూ కలగలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు.

"బావగారూ, చల్లగదిలో సరుకు తప్ప ఇంకేదీ పెట్టకూడదు. రూలు ఉంది."

"రూళ్ళు నాకు చెబుతున్నావా?"

"అది కాదు... మట్టి టైర్లు..."

"కడిగి తెస్తాను. మధ్యాహ్నానికి తీసేస్తాను. నీ మేనకోడలి ప్రాణం కంటే నీకు రూలు ఎక్కువా?"

మేనకోడలి ప్రాణం అనేసరికి బావమరిది తలూపేశాడు. శనివారం ఉదయం సైకిల్ చల్లగదిలోకి వెళ్ళింది. ఒక పక్క వెనీలా డబ్బాలు, ఇంకో పక్క చాక్లెట్ డబ్బాలు, మధ్యన గోడకు ఆనుకుని సైకిల్. పొద్దున ప్రాక్టీసుకు సైకిల్ కనబడక అమ్మాయి ఇల్లంతా వెతికింది. "మీ నాన్న దాన్ని మామయ్య దగ్గర ఫ్రీజరులో పెట్టారు," అంది తల్లి, అదేదో రోజూ జరిగేదే అన్నట్టు. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఏమీ తినకుండానే గోడౌనుకు బయల్దేరింది.

ఈలోపు గోడౌనులో ముల్లుగారు, మెకానిక్, బావమరిది దొడ్డు కోట్లు తొడుక్కుని చల్లగదిలోకి అడుగుపెట్టారు. ముగ్గురి నోళ్ళలోంచీ పొగ. ముల్లుగారు ఆనందంతో చేతులు రుద్దుకుంటూ, "ఇప్పుడు నొక్కు," అన్నారు.

మెకానిక్ లివరు వైపు చెయ్యి చాపాడు. అంతలో గోడ మీదున్న ఫోను మోగింది. గేటు దగ్గరి కాపలాదారు. బావమరిది విని, ఫోను పెట్టేసి, చలికి కాకుండానే వణికాడు.

"బావగారూ! ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు మేడం వచ్చారట! చెప్పకుండా వచ్చారు! సైకిల్... చల్లగదిలో సైకిల్!"

"చెప్పకుండానే రావాలి," అన్నారు ముల్లుగారు, మనసారా మెచ్చుకుంటూ.

"నా ఉద్యోగం పోతుంది!"

"ఉండు, ఒక్కసారి నొక్కనీ..."

బావమరిది ఇక ఆగలేదు. బావగారి మీద గౌరవమంతా ఆ ఒక్క క్షణం పక్కన పెట్టి, మెకానిక్ చెయ్యి పడేలోపు సైకిల్ లాక్కున్నాడు. చల్లగది వెనుక తలుపు తీస్తే సరుకు దించే ఏటవాలు దారి. దాని కింద పెరడు, పెరటికి ఆ చివర వెనుక గేటు. మేడం ముందు వైపు నుంచి వచ్చేలోపు సైకిల్‌ను వెనుక గేటు దాటించేయాలి. నెట్టుకుంటూ వెళితే ఆలస్యమవుతుందని, ఆ దొడ్డు కోటుతోనే ఎక్కి కూర్చున్నాడు.

కానీ మంచి తనిఖీ అధికారి ముందు గేటు దగ్గర పేరు చెప్పి, వెనుక గేటు నుంచి వస్తాడు. ముల్లుగారు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చేస్తున్న పని అదే. మేడం కూడా అదే చేసింది. ఏటవాలు దారికి సరిగ్గా ఎదురుగా, చేతిలో థర్మామీటరుతో నిలబడింది. ఆవిడ వెనకే, అప్పుడే అదే గేటు తోసుకుని, రొప్పుతూ అమ్మాయి.

బావమరిది మేడంను చూశాడు. రెండు చేతులతో బ్రేకులు నొక్కాడు. రెండు లివర్లూ హ్యాండిల్‌కు అంటుకుపోయాయి. సైకిల్ ఇంకా వేగం అందుకుంది.

"మామయ్యా!" అమ్మాయి గొంతు చించుకుంది. "ఒకసారి నొక్కితే పడదు! గబగబా మూడుసార్లు నొక్కు! మూడుసార్లు!"

మామయ్యకు లెక్కలు చేసే తీరికెక్కడిది? మేడం పక్కకు గెంతింది. సైకిల్ ఆవిడ థర్మామీటరును మాత్రం తీసుకుని, లారీకి ఎక్కించడానికి పేర్చిపెట్టిన స్ట్రాబెర్రీ డబ్బాల్లోకి దూరింది. డబ్బాలు ఒకటొకటిగా, తొందరేమీ లేనట్టు, బావమరిది మీద కూలాయి. దొడ్డు కోటు పుణ్యమా అని ఒంటికేమీ కాలేదు. గులాబీ రంగు ముద్దలోంచి ఆయన తల బయటికి వచ్చి, "బావగారూ..." అని ఏడుపుగొట్టు స్వరంతో పిలిచింది.

ఆ పెరట్లో సంతోషంగా ఉన్నది ఒకే ఒక్క మనిషి.

"పట్టలేదు!" ముల్లుగారు గెంతుతూ దిగివచ్చారు. "చూశావటయ్యా మెకానిక్? రెండూ నొక్కాడు, రెండూ పట్టలేదు! మేడం, మీరూ ఒక అధికారి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన బ్రేకు నొక్కాడా లేదా?"

మేడం చీర కుచ్చిళ్ళ మీది స్ట్రాబెర్రీని చూసుకుని, ఆయన్ను చూసి, ఉద్యోగధర్మం ఉద్యోగధర్మమే కాబట్టి, "నొక్కాడు," అంది. "పట్టలేదు."

ముల్లుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. వారం పొడవునా ఎన్ని మాటలు! భ్రమ అన్నారు, నిద్ర తక్కువైందన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. ఇప్పుడు నిండు పెరట్లో రుజువైంది. ఆ గర్వంతోనే కూతురి వైపు తిరిగారు, ఇప్పుడేమంటావని అడుగుదామని. అప్పుడు, కాస్త ఆలస్యంగా, ఆ కేక ఆయన బుర్రకు చేరింది.

"ఏమన్నావు నువ్వు? మూడుసార్లా?"

అమ్మాయి చెప్పుల వైపు చూసుకుంది.

"అంటే... నీకు తెలుసా?"

"చలికాలం మొదలైనప్పటి నుంచీ తెలుసు నాన్నా."

"మొన్న మంగళవారం పొద్దున షెడ్డులో?"

"అమ్మ వచ్చేలోపు నేనే గబగబా నొక్కి గట్టిపరిచాను."

ముల్లుగారు పక్కనున్న డబ్బా మీద కూలబడ్డారు. ఈసారి ఆయన గొంతులో అధికారి లేడు.

"ఇంట్లో నన్ను పిచ్చివాణ్ణి చేశావు కదే. మీ అమ్మ నన్ను చూసి జాలిపడింది. బఠానీలు కట్టుకుని వీధులు తిరిగాను. ఎందుకే? నువ్వు ఆ లోయలో పడతావేమోనని నిద్రపట్టక!"

"చెబితే పోటీకి పంపేవాడివా?"

"పంపేవాణ్ణి కాదు!"

"అందుకే చెప్పలేదు."

"పోనీ బాగుచేయించుకుని ఉండొచ్చుగా!"

ఈసారి అమ్మాయికి ఒళ్ళు మండింది. "ఎలా చేయించుకోను? సోమవారమే చేస్తానన్నాడట మెకానిక్ అన్న! సాక్షులు కావాలని నువ్వేగా ఆపావు? మళ్ళీ నేను తీసుకెళ్తే, 'మీ నాన్నగారు ముట్టుకోవద్దన్నారమ్మా' అని తిప్పి పంపేశాడు!"

ముల్లుగారు మెకానిక్ వైపు చూశారు. మెకానిక్ ఆకాశం వైపు చూశాడు.

"పైగా," అంది అమ్మాయి, కోపం తగ్గకుండానే, "సెలెక్షన్‌లో నేను ఫస్ట్ ఎందుకొచ్చాననుకున్నావు? మలుపుల్లో అందరూ భయపడి ఆపుకుంటూ వచ్చారు. నేనూ ఆపుదామనే చూశాను. పట్టలేదు. దిగిపోయాను."

బావమరిది ముఖం మీంచి స్ట్రాబెర్రీ జారుతూనే ఉంది. మేడం ఆ రోజుకు గోడౌను మూయించి, అంతా కడిగించి తనకు కబురు చేయమంది. బావమరిది ఉద్యోగం ఊడలేదు కానీ, బావగారితో మాటలు ఊడిపోయాయి. మెకానిక్ అక్కడే పెరట్లో సంచీ విప్పి పాత ఆయిల్ తీసేశాడు. అందులోంచి బుడగలు బుడబుడమని వచ్చాయి. చలికి తట్టుకునే కొత్త రబ్బరు రింగులు వేసి, కొత్త ఆయిల్ పోసి మూత బిగించాడు. ముల్లుగారు పక్కనే నిలబడి చూశారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సోమవారం మెకానిక్ చెప్పినట్టే, మొత్తానికి ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

ఆదివారం తెల్లవారకముందే అందరూ కొండ కింద ఉన్నారు. ముక్కులు ఎర్రబడే చలి. ముల్లుగారు లోయ పక్కన మలుపు కనిపించే చోట నిలబడి, మఫ్లరు అంచు కొరుకుతున్నారు. ఆయన భార్య వేడి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావమరిది కూడా వచ్చాడు, మేనకోడలి కోసమే వచ్చానని అందరికీ తెలిసేలా దూరంగా నిలబడి. ఒక్కో సైకిలూ ఆ మలుపును రివ్వుమని దాటిపోతోంది. అమ్మాయి వచ్చింది. మలుపు ముందు బ్రేకు నొక్కింది. సైకిల్ చక్కగా, నిదానంగా, మర్యాదగా తిరిగింది. తర్వాతి మలుపులోనూ అంతే. ఆ తర్వాతి మలుపులోనూ అంతే. ముల్లుగారి ప్రాణం లేచివచ్చింది. ఆఖరి గీత దాటేటప్పటికి ఆమె వెనుక మిగిలింది ఒకే ఒక్క పిల్ల. ఆ పిల్ల చైను తెగిన సైకిల్‌ను భుజాన వేసుకుని నడిచి వస్తోంది.

జట్టు కోచ్ వచ్చి, "ఈ అమ్మాయి సైకిల్‌కి బ్రేకులు ఎవరు బాగుచేశారండీ?" అని అడిగాడు. కృతజ్ఞతలు చెప్పడానికి అడిగిన గొంతు కాదు.

అమ్మాయి హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టుతో, మెరిసే కళ్ళతో తండ్రి దగ్గరికి వచ్చింది. అంత చలిలోనూ ఒక్క నొక్కుకే పట్టిందని చెబుదామనుకుంది.

ముల్లుగారు గెలిచినవాళ్ళ మెడలో పడుతున్న పతకాల వైపు చూశారు. కూతురి ఖాళీ మెడ వైపు చూశారు. ఒక్కసారిగా మండిపోయారు.

"బ్రేకులున్నాయి కదా అని ప్రతి మలుపులోనూ నొక్కేస్తారటే ఎవరైనా?"

అమ్మాయి గిరుక్కున తిరిగి, మామయ్య స్కూటరెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. సైకిల్‌ను కొండ కింద నుంచి ఊరిదాకా ముల్లుగారే తొక్కుకుంటూ వచ్చారు, దారిలో వచ్చిన ప్రతి మలుపులోనూ బ్రేకు నొక్కుతూ.